ఆర్గన్ తిత్తికి కపిల కుట్టు

ఆదోనిలో మా క్రైస్తవుల గుడిలోని ఆర్గన్ ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. తెలియదని ఒప్పుకున్నవాళ్ళూ లేరు. యాభైల్లో గుడికి కొత్త కప్పు వేసినప్పుడు సంఘ పెద్దలు చిన్న చరిత్ర పుస్తకం అచ్చు వేయాలనుకున్నారు. కొత్తగా బడిపంతులు ఉద్యోగంలో చేరిన నా నెత్తిన ఆ పని పెట్టారు. నాకంటే బాగా రాసేవాడు ఈ చుట్టుపక్కల లేడని నాకూ గట్టి నమ్మకమే.

పాస్టరయ్య అది లండన్ నుంచి ఓడలో వచ్చిందన్నారు. రుజువు అడిగితే, అంత మంచి శ్రుతి ఇంకెక్కడి నుంచి వస్తుందని నన్నే అడిగారు. వానాకాలంలో దాని గొట్టాల్లో సగం పలికేవి కావు.

పక్క సంఘం వాళ్ళకేమైనా తెలుసేమోనని బస్సెక్కి ఎమ్మిగనూరు పోయాను. అక్కడి సంఘ పెద్ద వేరుశనక్కాయలు ఒలుస్తూ, "అది మాదప్పా. బళ్ళారి సిపాయిల గుడి నుంచి మాకని బండి మీద వస్తాంటే మీ ఊర్లో ఇరుసు ఇరిగింది. బండి బాగైంది, ఆర్గన్ మాత్రం మీ ఊర్లోనే నిలబడిపాయ. ఇది గూడా రాయి" అన్నాడు.

చేసినవాళ్ళ పేరైనా దొరుకుతుందేమోనని ఆర్గన్ వెనక చెక్క ఊడదీశాను. పేరు లేదు. గాలి నింపే తిత్తికి మాత్రం దున్నపోతు తోలుతో పెద్ద అతుకు ఉంది. బావి నుంచి ఎద్దులతో నీళ్ళు తోడే కపిల తోలు బానకు వేసే జంట కుట్టు అది. ఆ కుట్టు మా ఇంట్లో రోజూ చూసేదే.

మా నాయన్ని అడిగాను.

"నేనే కుట్టినా. అప్పటికి నువ్వు పుట్టలేదు. ఎలుకలు కొరికి గాలి నిలబడకపాయ. అప్పట్లో గుడి నడిపే దొర మద్రాసుకు జాబులు రాసి రాసి యాష్టపోయినాడు. నీళ్ళే కారని కుట్టు, గాలి యాడికి పోతాది?" అన్నాడు. "నా ముక్క రాస్తావా?" అని అడిగాడు. ఆయన నన్ను అంతకుముందు ఏమీ అడిగినవాడు కాదు.

రాశాను. రాసింది పాస్టరయ్యకు చూపిస్తే, "పుస్తకం పెద్దోళ్ళ చేతుల్లోకి పోతాది, తోలు మాట ఎందుకులేప్పా" అన్నారు. ఆ గుడికొచ్చేవాళ్ళలో తోలుపని చేయని ఇల్లు వెతికినా దొరకదు. ఆయన మాట పూర్తి కాకముందే నేను ఆ పేరా కొట్టేశాను. మా నాయనది సేద్యమని బడిలో తోటి పంతుళ్ళకు అప్పటికే చెప్పి ఉన్నాను. సిగ్గుపడ్డాను, అంతే.

పుస్తకంలో లండన్ వచ్చింది. మా నాయనకు చదువు రాదు. చదివి వినిపించమన్నాడు. లేని పేరాను గడగడా చదివేశాను.

"యాడుంది, సూపియ్యి" అన్నాడు. ఆయన వేలు పట్టుకుని ఓడ సంగతి ఉన్న లైను మీద పెట్టాను.

ఆ తర్వాత ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ ఆ లైను చూపించేవాడు. చదువొచ్చినవాళ్ళు అది చదివి, ఒకసారి నా వైపు చూసి, "అవునప్పా, బాగా రాసినాడు నీ కొడుకు" అనేవాళ్ళు.