గంగమ్మకు పరిచిన ఇసుక

భోగాపురం దిగువనున్న సముద్రపు ఒడ్డుకు నాకు డ్యూటీ వేశారు, నేను రిటైరు కావడానికి కొన్నేళ్ల ముందు, ఒక వేసవి మొదట్లో. సముద్ర పరిశోధన కేంద్రంలో అటెండరుని. ఏడో తరగతితో చదువు ఆపినవాణ్ణి. ఏదో ఓడలోంచి కారిన చమురు కొట్టుకొచ్చి ఒడ్డు నల్లబడింది. గడ్డకట్టినది ఎత్తించేశాక, ఇసుకలో మిగిలిన జిడ్డు సంగతి చూడడం మా శాస్త్రవేత్త మేడం పని.

చమురును తినే సూక్ష్మజీవులు సముద్రంలో ఎప్పుడూ ఉంటాయి. అయితే వాటికి నత్రజని, భాస్వరం కావాలి, గాలి కావాలి. అందుకని మేడం చెప్పిన కొలతకు ఎరువు చల్లి, పారతో ఇసుక తిరగవేసేవాణ్ణి. బొబ్బిలి దగ్గర సేద్యం ఇంట్లో పుట్టినవాణ్ణి, అది నాకు కొత్త పని కాదు.

ఆ ఊరి జాలరి ఎర్రయ్య వచ్చి ఎకసెక్కాలాడేవాడు. ఆయనది పెద్దవల, అంటే ఒడ్డున నిలబడి రెండు వైపులా మనుషులు లాగే వల. కొత్తగా కట్టించాడు. గంగమ్మ పండుగ కాగానే దింపాలి. తాడు పట్టేవాళ్ల ఇళ్లన్నీ దాని మీదే బతకాలి.

"ఏటి బావా, సేపలకి ఎరెయ్యడం ఎరుగుదుం గానీ, పురుగులకి మేతేటి?"

"అవి తింటేనే నీ వలకి జిడ్డంటుకోదు, బావా."

"అలాగైతే బేగి తినమను!"

తింటున్నాయి కూడా. పరీక్షకు తీసిన ప్రతిసారీ జిడ్డు తగ్గుతూ వచ్చింది. ఆ నమూనాలు అప్పగించడానికి మేం కేంద్రానికి వెళ్లొచ్చేసరికి పండుగ అయిపోయింది, ఒడ్డు మల్లెపువ్వులా ఉంది. అమ్మవారి ఘటం దిగే చోట తెల్ల ఇసుక పరవడం ఆ ఊరి ఆచారమట. ఆడవాళ్లు దిబ్బల మీంచి తట్టలతో మోసి, మా జాగా మీద మోకాలెత్తున పోశారు.

"నలుపంతా కప్పీసినాం తమ్ముడా. అమ్మోరు తొక్కకూడదు గదేటి? నీకూ పని తప్పింది," అంది ఎర్రయ్య భార్య అప్పలమ్మ, సంబరంగా.

గాలి అందని లోతున ఆ జీవుల పని దాదాపు ఆగిపోతుందని మేడం నెమ్మదిగా చెప్పింది. అమ్మవారు నడిచిన నేల తవ్వడానికి ఊరి పెద్దలు ఒప్పుకోలేదు.

తుఫానుల కాలంలో అలలు ఒడ్డును కోసేశాయి. అడుగునున్న జిడ్డు కప్పిననాటి నలుపుతోనే బయటపడి, లాగుతున్న ఎర్రయ్య వల మడతల్లోకి ఎక్కింది. కిరసనాయిలుతో కడిగినా వదల్లేదు. పాడైనంత మేర కోసేస్తే, మిగిలింది వలగా పనికిరాలేదు.

"పురుగులు తినీవే బావా," అన్నాడు ఎర్రయ్య. "కంచం మీద మేమే మూతెట్టీసినాం." మరుసటి వారం నుంచి వేరేవాళ్ల వలకు తాడు పట్టాడు.

ఎరువు సంగతి ఊరి పెద్దలకు వివరంగా చెప్పాం. గాలి సంగతి తట్టలు మోసే ఆడవాళ్లకు ఎవరమూ చెప్పలేదు. ఆ తర్వాత ఏ ఒడ్డుకు పంపినా, పార దించకముందే ఆ ఊరి ఆడవాళ్లను కూర్చోబెట్టి అడిగేవాళ్లం, పండుగకు ఇక్కడ ఏం చేస్తారని.