‘పోయి’ అన్న మాటకు నేను రాసిన ఇంగ్లీషు

2000వ సంవత్సరం. పుంగనూరు బస్టాండుకు దగ్గర్లో నాకొక వీడియో స్టూడియో ఉండేది. స్టూడియో అంటే పెద్ద మాటే. ఒక కెమెరా, రెండు లైట్లు, పెళ్లి క్యాసెట్లకు పేర్లు అతికించే బల్ల. మదనపల్లె నుంచి కుప్పం దాకా ఎక్కడ ముహూర్తముంటే అక్కడ నేనుండేవాణ్ణి. జీవితంలో ఒక్కసారైనా తలంబ్రాలు లేని సినిమా తీయాలని నాకు మహా కోరికగా ఉండేది.

ఆ ఏడాది బెంగళూరు నుంచి ఒక దర్శకురాలు వచ్చారు. యుద్ధానికి వెళ్లిన సైనికుల భార్యల మీద డాక్యుమెంటరీ తీస్తున్నారు. ఆమెకు తెలుగు రాదు, నాకు కన్నడం వచ్చు. అందుకని కెమెరాతో పాటు లాగ్ షీట్ కూడా నాకే అప్పగించారు. టేపులో ఏ నిమిషంలో ఎవరేమన్నారో ఇంగ్లీషులో రాసే పట్టిక అది. ఎడిటర్ దాన్ని చూసుకునే సినిమాను కోస్తాడు, కింద అక్షరాలు వేస్తాడు. డిగ్రీలో ఇంగ్లీషు గట్టెక్కినవాణ్ణి, ఆ మాత్రం రాయలేనా అనుకున్నాను.

కుప్పం దగ్గర ఒక పల్లెలో గంగులమ్మ ఇల్లు. భర్త డెబ్బై ఒకటి యుద్ధానికి వెళ్లాడు. ఆచూకీ తెలియలేదని సైన్యం నుంచి ఒక కాగితం వచ్చింది. ఆ తర్వాత మనిషీ రాలేదు, శవమూ రాలేదు. కర్మ చేద్దామని బంధువులు ఎన్నిసార్లు అడిగినా ఆమె ఒప్పుకోలేదు. యాభై దాటిన మనిషి, నుదుట బొట్టు, చేతులనిండా ఆకుపచ్చ గాజులు.

“ఆయప్ప పోయి ఇరవై తొమ్మిదేండ్లాయప్పా,” అని మొదలుపెట్టింది. “దువ్వెన మర్సిపోయి సగం దోవలోనుంచి ఎనక్కొచ్చినాడు. బయలెల్లినోడు మల్లా గడప తొక్కకూడదని మా అత్త తిట్టింది. నాకైతే ఇంగొక తూరి సూస్తి కదా అని సంతోసం. ఒగతూరి ఎనక్కొచ్చినోడు ఇంగొకతూరి రాడా?”

మాటలయ్యాక రూమ్ టోన్ తీశాం. ఎవరూ మాట్లాడని గదికి కూడా తనదైన చప్పుడుంటుంది. సినిమాలో కోసిన చోట అతుకు తెలియకుండా దాన్ని పరుస్తారు. ఒక నిమిషం అందరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. గంగులమ్మ మాత్రం తల వాకిలి వైపు వంచింది.

“ఏంది పెద్దమ్మా, అట్ల ఇంటాంటివి?” అని తర్వాత అడిగాను.

“ఈ ఇంట్లో ఇంత నెమ్మది యాడుంటాదప్పా. ఎవురన్నా నడిసొస్తాంటే ఇనపడతాది కదా అని.”

 ఇంత విన్నా, ఇంటికొచ్చి లాగ్ షీట్ రాసేటప్పుడు అదేదీ నా చెవిలో లేదు. దువ్వెన సంగతి ఎదురుగా ‘అవసరం లేదు’ అని రాశాను.

మూడు నెలలకు సినిమా తయారైంది. ఢిల్లీలో వేసే ముందు గంగులమ్మకు చూపించమని దర్శకురాలు క్యాసెట్ పంపారు. వీసీఆర్ ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. పక్కింట్లోనే ఉండే ఆమె బావగారికి టీవీ ఉంది. భర్తకు అన్న ఆయన. ఆయన మనవరాలు కుప్పంలో కాలేజీకి వెళ్తుంది. గంగులమ్మ బొమ్మ రాగానే కింద ఏం రాశారని తాత అడిగితే, ఆ ఇంగ్లీషు అక్షరాలను ఆ పిల్ల తెలుగులో గట్టిగా చెప్పింది.

“మా ఆయన చనిపోయి ఇరవై తొమ్మిదేళ్లయింది.”

బావగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఇన్నేండ్లకు నీ నోటితోనే ఒప్పుకుంటివి కదమ్మా. ఇంగ ఆ కర్మేదో చేసేద్దాం.”

గంగులమ్మ గాజుల మీదికి కొంగు లాక్కుంది. “నేను ‘పోయి’ అంటి బావా. ‘సచ్చిపోయి’ అనలే.” తర్వాత నావైపు తిరిగింది. “రాసింది ఎవురప్పా?”

“నేనే పెద్దమ్మా.”

“నా ముందర కూసోని ఇంటివి కదప్పా. మల్లా యాల సంపితివి?”

పోయి ఇన్నేళ్లయింది అంటే మన చెవికి చావే తగులుతుంది. ఆమె నోట్లో అది దువ్వెన జేబులో పెట్టుకుని గడప దాటడం, అంతే. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

కుప్పం వెళ్లి బూత్ నుంచి దర్శకురాలికి ఫోన్ చేశాను. మాస్టర్ టేపు, అంటే కాపీలన్నీ తీసే అసలు టేపు, అయిపోయిందనీ మార్చడం కష్టమనీ అన్నారు.

“మేడమ్, బతికున్నాడో లేదో ఎవరికీ తెలియని మనిషిని నేను చంపేశాను,” అన్నాను.

 “రేపు రా,” అన్నారామె.

బెంగళూరులో ‘డైడ్’ తీసి ‘వెంట్’ వేశాం. దువ్వెన మాటలు మళ్లీ చేర్చాం. వాటి తర్వాత వచ్చే సంగీతం తీసేసి ఆ రూమ్ టోన్ బొమ్మతో సహా వేయమని బతిమాలాను. ఎడిటర్ నన్ను వింతగా చూశాడు గానీ వేశాడు.

అప్పట్నుంచి ఎవరి మాటలు రాసినా, రాసింది వాళ్లకే చదివి వినిపించి, అవునంటేనే పంపిస్తున్నాను.

కొత్త క్యాసెట్‌తో మళ్లీ అదే ఇంటికి వెళ్లాను. “మా ఆయన వెళ్లి ఇరవై తొమ్మిదేళ్లయింది,” అని చదివింది మనవరాలు. దువ్వెన మాట రాగానే బావగారు, “ఆ దువ్వెన నాది. అడక్కుండా ఎత్తుకపోయినాడు,” అన్నారు. ఆ రోజు ఆయన కర్మ ఊసెత్తలేదు.

తర్వాత రూమ్ టోన్. టీవీలో గంగులమ్మ వాకిలి వైపు తల వంచింది. టీవీ ముందు కూర్చున్న గంగులమ్మ కూడా వంచింది. సినిమా అయిపోయాక నా చేయి పట్టుకుంది.

“ఇంగొక తూరి ఎయ్యప్పా.”

“మొదట్నుంచా పెద్దమ్మా?”

“వద్దు. ఎవురూ మాట్లాడంది ఉండాది సూడు, అది.”

టేపు వెనక్కి తిప్పాను.