తిరగేసిన చొక్కా

అక్కి లేచినప్పుడు మా ఊరి కుమ్మరి పెద్దాయన నా ఎడమ పక్క మీద ఎర్రమన్నుతో సింహం బొమ్మ వేశాడు. వీపు నుంచి రొమ్ము కిందిదాకా చుట్టుకున్న పొక్కులు ఎండిపోయాయి. నొప్పి మాత్రం కాపురం పెట్టింది. పుండు మానిందనీ, లోపలి నరం చెడిందనీ, ఏళ్లతరబడి ఉండొచ్చనీ కోలారు డాక్టరు చెప్పాడు. రవిక తగిలితే మిరపకాయ నూరి పూసినట్టు ఉంటుంది. ఫ్యాను గాలి కూడా పడదు. పైకి చూస్తే చర్మం మీద ఏమీ కనబడదు, అదే నాకు కోపం.

మా ఇంట్లో పట్టుపురుగుల పని నాది. మా ఆయన ఒకరోజు తేల్చేశాడు.

"ఈ ఒళ్లు పెట్టుకోని పురుగులు మేపేది యాడ అయితాది? మల్బరీ పీకేసి నేను వేమగల్ ఫ్యాక్టరీకి పోతా."

"ఈ పంట ఒకటి చూడు. గూళ్లు తీయలేకపోతే నువ్వే పీకేయి. ఇంగ నేను అడ్డం రాను," అన్నాను.

అనడానికేం, అన్నాను. నాకున్న పూతమందేమో ఘాటు. పురుగులింట్లో మేము అగరొత్తి కూడా వెలిగించం, వాసన తగిలితే అవి మేత మానేస్తాయి. మందు తీసి పశువుల కొట్టంలో పెట్టేశాను. రవిక మానేసి మా ఆయన పాత చొక్కా తిరగేసి తొడుక్కున్నాను. కుట్లు పైకి ఉంటే ఒంటికి గీసుకోవు.

అత్త చూసి ముక్కున వేలేసుకుంది. "మొగోడి చొక్కా, అదీ తిరగేసి. ఎవురన్నా చూస్తే ఏమంటారు?"

"మొగుడిదే కదత్తా, పక్కింటోడిది కాదు గదా."

అత్త విసురుగా లోపలికి పోయింది. నేను ఆకు వేస్తూనే ఉన్నాను. వంగినప్పుడు బట్ట జరిగి ప్రాణం పోయినట్టయ్యేది. ఏడ్చిన రోజులున్నాయి. ఏడుస్తూనే వేశాను. అత్త గుమ్మంలోంచి చూసి వెళ్లిపోయేది.

పురుగులు పండాయి. పండిన పురుగును ఆ పూటే ఏరి, గూడు కట్టుకునేందుకు చంద్రికలనే వెదురు చాపల మీద వేయాలి, లేదంటే చెత్తలోనే గూడు కట్టి పట్టు పాడవుతుంది. అందుకే ఆరోజు ఒకరింటికి ఒకరం సాయం పోతాం. ఎదురింటి పిన్నమ్మ వస్తూనే, "ఎట్లుండావమ్మా?" అంటూ ప్రేమగా నా వీపు మీదికి చెయ్యి చాచింది. అత్త అడ్డం వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"దాని ఒంటి మీద చెయ్యి వెయ్యొద్దు, నొప్పి ఉండాది. చొక్కా సంగతీ అడగొద్దు. పురుగులు ఏరండి."

తల వంచుకుని ఏరుతున్నాను. ఒక పురుగు జారి, వదులు కాలరులోంచి సరిగ్గా ఆ పక్క మీదే పడింది. దాని కాళ్లు పాకుతుంటే కళ్ల ముందు చీకటి కమ్మింది. విదిలించుకోబోయి ఆగాను. పండిన పురుగు కాస్త నొక్కినా చితికిపోతుంది. పళ్లు బిగబట్టి, చొక్కా అంచు ఎత్తి, రెండు వేళ్లతో తీసి చంద్రిక మీద పెట్టాను. మా ఆయన తట్ట పట్టుకుని అక్కడే నిలబడి చూశాడు. నేను ఇంకో పురుగు తీసుకున్నాను.

ఐదారు రోజులకు గూళ్లు నేనే తీశాను. అవి మూటగట్టి ఆయన మార్కెట్టుకు బయల్దేరాడు. బయల్దేరిన మనిషిని పిలవకూడదని అందరినీ తిట్టే అత్తే ఆయన్ని వెనక్కి పిలిచింది.

"వచ్చేటప్పుడు దానికి మెత్తటి చొక్కా ఒకటి తీసుకురా. వదులుగా ఉండాల."

ఆయన నా వైపు చూశాడు.

"మళ్లీ పంటకు గుడ్లు కూడా తే," అన్నాను.