ఇల్లు పెన్‌డ్రైవ్‌లో, గుమ్మం లాప్‌టాప్‌లో

మా అక్క ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. పేజీ గాలికి ఎగిరిపోతున్నా అందులో జారిపోయిన సున్నాను పట్టేస్తుంది. ఇక నేనంటారా, కాలేజీని మధ్యలో వదిలేసినవాణ్ణి. పాపం, కాలేజీ ఇంకా కోలుకోలేదని వినికిడి. యంత్రాలకు నేనంటే హడల్. మొండికేసిన ప్రింటరొకటి నా చెప్పుల చప్పుడుకే మింగిన కాగితాలన్నీ కక్కేసింది.

అక్క లాప్‌టాప్ నత్తకు పెద్దన్న. అందుకే పెన్‌డ్రైవ్‌లో తనే, విండోస్‌కు బదులుగా కంప్యూటర్‌ను నడిపే లినక్స్ ఎక్కించుకుని, ఏడాదిగా దాంతోనే నెట్టుకొస్తోంది. ఏ కంప్యూటర్‌కు గుచ్చినా పని చేస్తుందని ధీమా. ఇంకోచోట గుచ్చి చూసిన పాపాన మాత్రం పోలేదు. ఆ ఉదయం లాప్‌టాప్ కన్నుమూసింది. రాత్రులు మేలుకుని దిద్దిన పుస్తకం సాయంత్రంలోగా ఇవ్వకపోతే ఆ పని వేరేవాళ్ల చేతికి పోతుంది. పుస్తకమంతా పెన్‌డ్రైవ్‌లోనే ఉంది.

కబురందుకుని నేను వెళ్లేసరికి అక్క ప్రెస్సులో గోడకు జారగిలబడి ఉంది. అక్కడి కంప్యూటర్‌లో లినక్స్ ఎంతకీ లేవలేదట. మామూలుగా గుచ్చితే, ఇది చదవలేకపోతున్నాను, ఫార్మాట్ చేయనా అని తెర అడుగుతోంది. యజమాని, సాయం చేద్దామనే, మౌస్ మీద చెయ్యి వేశాడు.

"ముట్టుకోకండి బాబాయ్‌గారూ. చేశారంటే అంతా తుడిచిపెట్టుకుపోతుంది," అంది అక్క. లేచే ఓపిక లేక కూర్చునే అంది.

నా దగ్గరున్న మరో లినక్స్ పెన్‌డ్రైవ్‌తో ఆ కంప్యూటర్‌ను లేపి, అక్క పెన్‌డ్రైవ్‌ను తెరిచాను. పుస్తకం భద్రంగా ఉంది, కానీ దాన్ని అచ్చుకు సిద్ధం చేసే ఫాంట్లూ సాఫ్ట్‌వేరూ అక్క లినక్స్‌లోనే ఉన్నాయి. లేనిదల్లా లినక్స్‌ను నిద్రలేపే చిన్న ముక్క, బూట్‌లోడర్. అది వెళ్లి లాప్‌టాప్ డిస్కులో కూర్చుంది. ఇల్లు ఇక్కడ కట్టుకుని గుమ్మం అక్కడ పెట్టుకుందన్నమాట.

"ఎక్కించేటప్పుడు ఇదెక్కడ పెట్టమంటావని అడిగుంటుందే. చదవలేదా?"

"అచ్చయిన మాటే కదరా. ఎవరో దిద్దే పెట్టారనుకున్నా."

ఏడిపించడానికి నా దగ్గర మాటలు బోలెడున్నాయి. ఆ కళ్ల కింద నలుపు చూసి మింగేశాను.

బూట్‌లోడర్‌ను పెన్‌డ్రైవ్‌లోనే పెట్టి మళ్లీ వెలిగించాను. నల్ల తెర. గుర్తింపు ముద్ర లేని బూట్‌లోడర్‌ను లోపలికి రానివ్వని కాపలా ఒకటి ఆ కంప్యూటర్ సెట్టింగుల్లో ఉంది; నా పెన్‌డ్రైవ్‌కు ఆ ముద్ర ఉంది, ఇప్పుడు పెట్టినదానికి లేదు. యజమానిని అడిగి దాన్ని ఆపాను. మళ్లీ వెలిగిస్తే అక్క ఫైళ్లు వరసగా తెర మీదికొచ్చాయి.

అక్క గోడను వదిలి, కుర్చీ లాక్కుని, పుస్తకం పంపింది. యజమాని అది చూసుకుని, ఇంకో ప్రూఫుల కట్ట తెచ్చి ముందు పెట్టాడు. అక్క దాన్ని దగ్గరకు జరుపుకుని, మొదటి పేజీ మీదే తల వాల్చేసింది.