ఆయిల్ ఇంజన్ స్లీవులూ, మా ఆయనా

పెళ్లయి నేను వరంగల్ వచ్చేనాటికే మా ఆయనకు స్టేషన్ అవతల ఒక రేకుల షెడ్డు ఉండేది. ఇంటికీ దానికీ మధ్య ఒక గోడే అడ్డం. యంత్రాల లోపల రాసుకునే ఉక్కు భాగాలకు గట్టి క్రోమ్ పూత వెయ్యడం ఆయన పని. ఎర్రటి ఆసిడ్ తొట్టిలో వస్తువును ముంచి కరెంటు పెడితే గంటల తరబడి బుడగలు లేచేవి. అవి పగిలి సన్నటి పసుపు ఆవిరి షెడ్డంతా పరుచుకునేది.

డెబ్బైల చివర్లో తొర్రూరు నుంచి ఒక పత్తి రైతు అరిగిపోయిన ఆయిల్ ఇంజన్ స్లీవ్ తెచ్చాడు. పిస్టన్ ఆ గొట్టం లోపలే ఆడుతుంది. మా ఆయన లోపల పూత వేసి, అద్దంలా నునుపు చేసి పంపాడు. వారం తిరక్కముందే రైతు మళ్లీ వచ్చాడు.

"అన్నా, ఇంజన్ పట్టేసింది. చేనుకు నీళ్లు లెవ్వు," అన్నాడు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేదని మా ఆయన తర్వాత అన్నాడు.

ఆ రోజు ఆయన అన్నానికి రాలేదు. పళ్లెం షెడ్డుకే పట్టుకుపోయాను. స్లీవ్‌ను వెలుతురుకు పట్టి లోపల పడ్డ గీతలు చూస్తున్నాడు.

"నూనె పోసిన్రు కదా, మరెందుకు పట్టింది?" అని అడిగాను.

"మరీ నున్నగ చేసిన. నూనె నిలుస్తలేదు, జారిపోతాంది. కంటికి కనపడనంత చిన్న చిన్న గుంతలుండాలె. నూనె అండ్ల ఆగితే ఇనుము ఇనుముకు తాకది."

పూత వేశాక కాసేపు కరెంటు ఉల్టా ఇస్తే, పూతలో ఉండే సన్నటి పగుళ్లు వెడల్పవుతాయని పని నేర్పిన ఉస్తాదు ఎప్పుడో చెప్పాడట. ఎంతసేపన్నది చెప్పలేదు. పాత ముక్కల మీద చేసి చూశాడు. ఎక్కువిస్తే పూత రాలిపోయేది, తక్కువిస్తే ఏమీ మారేది కాదు. తొట్టి మీదికి వంగి మాటిమాటికీ ముక్క తీసి చూసేవాడు. మొహానికి ఒక దస్తీ, అంతే.

చివరికి కుదిరింది. రైతు స్లీవ్‌కు అలాగే పూత వేసి, సానరాయితో పైపైన రుద్ది, నూనె పూసి నా చేతికిచ్చాడు. గుడ్డతో లోపల ఎంత తుడిచినా ఆ నూనె తడి పోలేదు. ఆ రైతు ఇంజన్ పంటంతా ఆగకుండా నడిచింది. తర్వాత పాలంపేట వరి రైతులు కూడా స్లీవులు తేవడం మొదలుపెట్టారు. ఆయన తొట్టి దగ్గర గడిపే సమయం పెరిగింది.

మొదట ముక్కులోంచి నెత్తురు వచ్చింది. వేళ్ల మీద పుండ్లు పడి మానలేదు. ఒక క్రిస్మస్ నాడు పొయ్యి మీద కూర చూడమని చెప్పి చర్చికి పోయాను. వచ్చేసరికి గిన్నె మాడి వాసన వీధి దాకా కొడుతోంది. ఆయన పక్కగదిలోనే కూర్చుని ఉన్నాడు.

"వాసన రాలేదా?"

"ఏం వాసన?" అన్నాడు.

పెద్ద దవాఖానలో డాక్టర్ టార్చి వేసి చూసి, ఆ ఆసిడ్ ఆవిరికి రెండు ముక్కు రంధ్రాల మధ్య గోడకు చిల్లు పడిందన్నాడు. పని బంద్ చెయ్యమన్నాడు.

"బంద్ చేసి ఏం జేద్దాం? ఫికర్ చెయ్యకు, ఫ్యాన్ పెడత," అన్నాడు ఆయన రిక్షాలో. పెట్టాడు కూడా. కానీ దగ్గు తగ్గలేదు. ఎనభైల నడుమ ఊపిరితిత్తిలో గడ్డ బయటపడింది. మంచం పట్టాక ఒకసారి బత్తాయి తొక్క నలిపి ముక్కు దగ్గర పెట్టి, "ఏమన్న వస్తాందా?" అన్నాను. "వస్తాంది," అన్నాడు. నన్ను సంతోషపెట్టడానికే అన్నాడని తెలుసు. రెండో కాయ కూడా ఒలిచాను.

ఆయన పోయాక మా మరిది వచ్చాడు.

"వదినా, షెడ్డు నాకియ్యి. అన్న పేరు నిలబెడత."

"ఇయ్యనంటే ఇయ్య," అన్నాను. తొట్టి పగలగొట్టించాను. చుట్టాలంతా నన్నే తిట్టారు. మా మరిది ఒక సైకిల్ షాపులో పనికి కుదిరాడు. ఇప్పటికీ నాతో మాట్లాడడు. ఆదివారం చర్చిలో మగవాళ్ల వైపు వెనక బెంచీలో కూర్చుని గొంతెత్తి పాడుతాడు. ఒక్కసారి కూడా దగ్గడు.