పట్టీకి రెండో కొస

పదిమంది నవ్వుతారని మీ బిడ్డ చేయి మీరెప్పుడైనా వదిలేశారా? లేదని తొందరపడి చెప్పకండి. కాస్త ఆలోచించి చెప్పండి. నేను వదిలేశాను. అందుకే అడుగుతున్నాను.

నేను దయ్యాలను నమ్మను. దేవుడి మహిమలనూ నమ్మను. హొళగుంద సంతలో తెలుగువాళ్లూ కన్నడంవాళ్లూ చుట్టూ మూగి చూస్తుండగా నాలుక మీద కర్పూరం వెలిగించుకుని, ఇందులో మహిమ లేదు, ఉమ్మి తడే ఉంది అని రెండు భాషల్లోనూ అరిచి చెప్పినవాణ్ని. ఉరుకుంద పోయే బస్సులో పూనకం వచ్చి ఊగుతున్న మనిషిని నాలుగు ప్రశ్నలడిగి, మామూలుగా కూర్చోబెట్టినవాణ్ని. పురోహితుడు లేకుండా పెళ్లి చేసుకున్నాను. ఈ పేజీ చదివి ఎవరైనా పోయి తాయెత్తు కట్టించుకుంటే వాళ్ల మీద నాకు కోపమే వస్తుంది. అయినా రాస్తున్నాను. జరిగింది దాచిపెట్టేవాడికి ఇంకొకడి అబద్ధాన్ని ప్రశ్నించే హక్కు ఉండదు.

నా భార్య శాంతమ్మది ఎమ్మిగనూరు. నేతపని చేసే ఇల్లు. మా అత్త ఈరమ్మ, మామ చనిపోయిన తర్వాత కూడా ఒక్కతే మగ్గం నడిపేది. గుంట మగ్గం. నేసేవాళ్లు నేల అంచున కూర్చుని కాళ్లు గుంటలోకి వేలాడేసి తొక్కుతారు. ఇంట్లో నడక నేర్చే బిడ్డ ఉంటే ఆ గుంట చాలా ప్రమాదం. అందుకని అక్కడి ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉంది. పాత చీర అంచు పొడుగ్గా చింపి, ఒక కొస బిడ్డ నడుముకు, ఇంకో కొస మగ్గం గుంజకు కడతారు. పట్టీ నేసే మనిషి తొడ మీదుగా పోతుంది. బిడ్డ గుంట వైపో, వీధి వైపో ఎక్కువ దూరం పోతే పట్టీ బిగిసి తొడకు తగులుతుంది. తల తిప్పకుండానే, నాడె అటూఇటూ విసరడం ఆపకుండానే కేక వేయవచ్చు.

నా కూతురు కమల రెండేళ్లు ఆ పట్టీ మీదే పెరిగింది. శాంతమ్మకు ఒంట్లో బాగాలేక బిడ్డను పుట్టింట్లో వదిలింది. నేను ఆదోని నుంచి ఆదివారాలు పోయేవాణ్ని. గుమ్మంలో అడుగు పెట్టేసరికి, "యాడికే కమలీ, ఇట్లా రా" అనే ఈరమ్మ కేక వినిపించేది. ఆమె కళ్లు మాత్రం పడుగు మీదే ఉండేవి.

కర్నూలు రాజధానిగా ఉండిన ఆ రోజుల్లో ఒక ఎండాకాలం, పిల్లలకు సముద్రం చూపించాలని బయలుదేరాం. కొడుకు రంగడికి ఏడేళ్లు, కమలకు నాలుగు. బడిలో సముద్రం గురించి పాఠాలు చెప్పేవాణ్నే గాని, నేనూ అప్పటికి సముద్రం చూసింది లేదు. మద్రాసులో ట్రిప్లికేనులో ఒక స్నేహితుడు ఉండేవాడు. ఆదోనిలో రైలెక్కితే నేరుగా మద్రాసులో దిగవచ్చు.

బయలుదేరే ముందురోజు ఈరమ్మ ఆదోని వచ్చింది. గుంజకున్న పట్టీని సగానికి చింపి, ఒక సగం తెచ్చింది. ఇంకో సగం గుంజకే వదిలేసింది. తెచ్చినదాన్ని పసుపు నీళ్లలో ముంచి, ఉరుకుంద ఈరన్నస్వామి పటం ముందు పెట్టి మొక్కి కూతురి చేతికిచ్చింది.

"నీళ్లకాడ పాప నడుముకు కట్టు. ఆ కొస నీ చేతికి సుట్టుకో. మరిసిపోవాకు."

నాకు నవ్వొచ్చింది. "ఏమత్తా, సముద్రానికి కూడా ఈరన్న కాపలానా? ఆయనకు ఈత వచ్చునా?"

"ఆయనకు రాకుంటే నీకొచ్చునా అప్పా?" అంది ఈరమ్మ.

నాకు ఈత రాదు. మా వైపు ఎవరికొస్తుంది?

ఇక్కడే నేను చేసిన తప్పు చెప్పాలి. ఆ పట్టీ మీద నాకు పసుపు కనబడింది. పట్టీ కనబడలేదు. మొక్కు కనబడింది. గుంట పక్కన పిల్లల్ని పెంచుకునే ఆడవాళ్లు పనిలో నేర్చుకున్న తెలివి కనబడలేదు. ఇన్నేళ్లు వాదనలు చేసినవాణ్ని, ఆ రెండింటినీ వేరుచేసి చూడలేకపోయాను.

మద్రాసు చేరిన రెండోరోజు సాయంత్రం మెరీనాకు పోయాం. ఇసుక దాటి నీళ్లు కనబడగానే కమల నా పంచె పట్టుకుని ఆగిపోయింది.

"ఇన్ని నీళ్లు ఎవరు తోడిపోసినారు నాయనా?"

ఆదోనిలో బిందెడు నీళ్లకు శాంతమ్మ తెల్లవారుజామునే పోయి వరసలో నిలబడేది. పిల్లకు నీళ్లంటే ఎవరో తోడేవే.

"మనూరికి కొన్ని తీసకపోదామా?" అంది మళ్లీ.

"ఉప్పునీళ్లే తల్లీ. మీ నాయన వండే పప్పులోకి సరిపోతాయిలే" అని శాంతమ్మ నవ్వింది. ఆమె అలా నవ్వడం నేను చూసింది అదే ఆఖరిసారి.

శాంతమ్మ సంచిలోంచి పట్టీ తీసి పాప నడుముకు కట్టింది. రెండో కొస తన మణికట్టుకు చుట్టుకుంది. పక్కనే ఉడికించిన బఠాణీలు తింటున్న ఒక పెద్ద కుటుంబం మమ్మల్ని చూసి అరవంలో ఏదో అనుకుని నవ్వారు. వాళ్లలో ఒక పిల్లవాడు కోతిలా గంతులు వేసి చూపించాడు.

నాకు తల కొట్టేసినట్టయింది.

"విప్పెయ్. కోతినాడించేటోళ్లు వచ్చినారు అనుకుంటాండారు."

"అనుకుంటే అనుకోనీండి. వాళ్లేమన్నా మన పాపను సూసుకుంటారా?"

"నేను సూసుకుంటాను గదా. ఊరంతా తాయెత్తులు తెంపినోడి కూతురికి పసుపు గుడ్డా?"

ఆమె విప్పలేదు. నేనే విప్పాను. ఆ ముడి నా వేళ్లతోనే విప్పాను. పట్టీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

తర్వాత రంగడు ఒంటికి పోవాలన్నాడు. శాంతమ్మ వాణ్ని తీసుకుని ఇసుకలోకి నడిచింది. పోతూ పోతూ, "పాప సెయ్యి పట్టుకోండి" అంది. పట్టుకున్నాను.

తుంగభద్ర ఒడ్డున తిరిగినవాళ్లం మేము. మంత్రాలయం దగ్గర ఎండాకాలంలో ఏరు వెనక్కి పోతుంది. నీళ్లు పోయిన ఇసుక మీద పిల్లలు పగలంతా పరుగులు తీస్తారు. మా వైపు నీళ్లు ఒకసారి వెనక్కి పోతే మళ్లీ వానాకాలం దాకా రావు. అది మా ఒంటికి తెలిసిన సంగతి. అలలు తిరిగి వస్తాయని నేను పుస్తకంలో చదివాను. పిల్లలకు చెప్పాను కూడా. కాని చదివింది తలలో ఉంది, కాళ్లలో లేదు.

ఒక పెద్ద అల వచ్చి పోయింది. చాలా దూరం పోయింది. తడి ఇసుక అద్దంలా మెరిసింది. "నీళ్లు పోయినాయి నాయనా!" అని కమల చేయి లాగింది. గవ్వలు కనబడ్డాయి. నేను వదిలేశాను. నవ్వుతూ వదిలేశాను.

ఆ తర్వాతి అల గురించి ఎక్కువ రాయలేను. నేను నీళ్లలోకి పరుగెత్తాను, పడిపోయాను. నన్ను జాలరులు లాగారు. పాపను కూడా వాళ్లే తెచ్చారు, పావుగంట తర్వాత. నా చేతి గడియారంలోకి ఉప్పునీళ్లు పోయి ముళ్లు ఐదూ ఇరవై దగ్గర ఆగాయి. ఆ గడియారం ఇప్పటికీ నా దగ్గరుంది. బాగుచేయించలేదు.

మరునాడు పొద్దున పాపను అక్కడే మట్టిలో పెట్టాం. ఆదోనిలో ఉన్న మా తమ్ముడికి తంతి ఇచ్చాం.

ఇక నాకు అర్థంకాని భాగం.

తంతి ఆదోని చేరింది ఆ రోజు మధ్యాహ్నం. తమ్ముడు దాన్ని పట్టుకుని, ఎమ్మిగనూరు బస్సు ఎక్కేముందు మా ఇంటి తాళంచెవుల కోసం పక్కింటికి వచ్చాడు. మా తాళం వేసిన గుమ్మం మీద ఈరమ్మ కూర్చుని ఉంది. రెండు చేతులకూ గుడ్డపేలికలు చుట్టుకుని ఉంది. ముందురోజు సాయంత్రం ఆఖరి బస్సుకే వచ్చిందట. పక్కింటివాళ్లు తమ ఇంట్లో పడుకోబెట్టుకున్నారు. ఎందుకొచ్చావంటే చెప్పలేదు. తమ్ముడి చేతిలో కాగితం చూసి, "సదవాకప్పా, నాకు తెలుసు" అందట.

మూడోరోజు మేము రైలు దిగి ఇల్లు చేరేసరికి ఈరమ్మ అక్కడే ఉంది. కూతుర్ని పట్టుకుని ఏడ్చింది. సాయంత్రం పేలికలు మార్చుకుంటుంటే ఆమె అరచేతులు చూశాను. రెండు అరచేతులకూ అడ్డంగా వేలెడు వెడల్పున చర్మం లేచిపోయింది. నలభై ఏళ్లు నేసి కాయలు కాసిన చేతులవి. నూలు కోయగలిగే చేతులు కావవి.

ఆమే చెప్పింది. మగ్గం మీద కూర్చుని ఉండగా గుంజకున్న పట్టీ తొడకు బిగిసిందట. అలవాటుగా, "యాడికే కమలీ, ఇట్లా రా" అనేసిందట. కమల ఊళ్లో లేదని అప్పుడు గుర్తొచ్చి తిరిగి చూస్తే, పట్టీ సగం ముక్క నేలకు జానెడెత్తున గుమ్మం వైపు కర్రలా సాగి ఉందట. రెండో కొసన ఎవరూ లేరు. రెండు చేతులతో పట్టుకుని లాగిందట.

"బరువుండె అప్పా. పాప బరువే. నా సేతులకు తెలీదా?"

నేను ఒప్పుకోలేదు. దుఃఖంలో ఉన్న మనిషి జ్ఞాపకం తనకు తాను కథ అల్లుకుంటుంది. ఈ సంగతి నేనే ఎన్నో సభల్లో చెప్పాను. అందుకని పదిరోజులు పోయాక ఒక్కణ్నే ఎమ్మిగనూరు పోయాను. ఈరమ్మకు చెప్పకుండా పోయాను.

పక్కింటి హుసేన్‌బీని అడిగాను. ఆమె నూలు కండెలు చుట్టి మగ్గాలవాళ్లకు ఇచ్చేది. ఆ సాయంత్రం కండెల బుట్ట ఇవ్వడానికి వచ్చిందట.

"మేక ఏదన్నా పట్టీకి తగులుకొని లాగిందేమో?" అన్నాను.

"మేకయితే నాకు కనపడదా అన్నా? నా కండ్లు బాగనే ఉండాయి. ఈరమ్మక్క గుంటలో నిలబడి లాగుతాంది. రా హుసేన్‌బీ పట్టుకో, పాప పోతాంది అని అరిసింది. నేనూ పట్టుకొంటి. అల్లా తోడు, అవతల ఎవురో ఉండారు."

"తర్వాత?"

"తర్వాత వదులైపాయ. ఇద్దరం ఎనక్కి పడితిమి." కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. "అక్క ఆ పట్టీని ఒళ్లో ఏసుకొని, బిడ్డను పెట్టుకున్నట్టు కూసుండె."

"వేళ ఎంతయి ఉంటుంది?"

ఆమె ఇంట్లో గడియారం లేదు. "మా ఇంటాయన అసర్ నమాజు సదివి మసీదు మెట్లు దిగుతా మా అరుపులు ఇని పరుగెత్తి వచ్చినాడు" అంది. ఆయన్ను విడిగా అడిగాను. అదే చెప్పాడు. మసీదులో అడిగాను. ఎండాకాలంలో ఆ నమాజు ముగిసేసరికి ఐదుంబావు దాటుతుందన్నారు.

ముగ్గురిలో ఎవరినైనా అబద్ధంలో పట్టుకోవాలని ఎంతో ప్రయత్నించాను. పట్టుకోగలిగి ఉంటే బాగుండేది. గుంజ మీది ముడి చూశాను. గోళ్లకూ పళ్లకూ లొంగనంతగా బిగిసి ఉంది. నేను అలాంటి ముడే వేసి నా బరువంతా వేసి లాగాను. నాది ఊడింది.

హుసేన్‌బీకీ ఈరమ్మకూ కలిసి భ్రమ కలిగిందని రాయగలను. అరచేతులు మగ్గం మీదే ఒరుసుకుపోయాయని రాయగలను. ఐదూ ఇరవై కాకతాళీయమనీ రాయగలను. ఒక్కొక్కటీ విడివిడిగా రాయగలను. అన్నీ కలిపి ఒక వాక్యంలో పెట్టబోతే నా కలం ఆగిపోతుంది. నాకు తెలియదు. అది దయ్యం కాదని ఇప్పటికీ అంటాను. మరి ఏమిటంటే, తెలియదు.

తిరిగి వచ్చి ఈరమ్మతో చెప్పాను, విచారించానని. ఆమె కోప్పడలేదు. తన చేతులు చూసుకుంది.

"నా కాడి కొస నేను ఇడవలేదప్పా," అంది. "నీ కాడి కొస యాడ బెట్టినావు?"

లేచి వెళ్లి, ఆ రోజు మెరీనాలో వేసుకున్న చొక్కా తీశాను. శాంతమ్మ దాన్ని ఉతకలేదు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. జేబులో పట్టీ నేను మడిచినట్టే ఉంది. ఉప్పు పట్టి గట్టిపడింది. పసుపు చాలావరకు పోయింది. గుడ్డ మాత్రం ఎక్కడా చిరగలేదు. కట్టి ఉంటే తెగేది కాదు.

మొదట్లో అడిగినదానికి నాకు సమాధానం చెప్పనవసరం లేదు. నాలాంటివాళ్లు ఎన్ని వివరణలు ఇచ్చినా పక్కన పెట్టండి. ఈ ఎండాకాలం మీ పిల్లల్ని సముద్రానికి తీసుకుపోతున్నారా? ఇంట్లో పాత చీర ఒకటి వెతకండి. అంచు చింపండి. పసుపు అద్దకండి, ఎవరికీ మొక్కకండి. ఒక కొస బిడ్డ నడుముకు కట్టండి. రెండో కొస మీ మణికట్టుకు చుట్టుకోండి. ఒడ్డున ఎంతమంది నవ్వినా, ఇల్లు చేరేదాకా ఆ ముడి విప్పకండి.