సంచిలో కాసిన కందికాయలు

మొన్న మెట్రోలో పంజాగుట్ట వెళ్తుంటే, అమీర్‌పేట దాటగానే కిటికీకి ఎదురుగా ఒక డాబా వచ్చి, పలకరించినట్టే పలకరించి వెళ్లిపోయింది. ఒకప్పుడు నా ఆరు కంది మొక్కలు కాపురమున్న డాబా అది.

మన తరానికి చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో అమీర్‌పేటలో జావా నేర్చుకోనివాణ్ణి జ్వరమొచ్చినవాణ్ణి చూసినట్టు చూసేవారు. నేను ఊరి బయటి పరిశోధన క్షేత్రంలో సంకర కంది మీద పనిచేసేవాణ్ణి. సంకర విత్తనానికి తల్లిగా పుప్పొడి లేని మొక్కను వాడతాం. ఆ లోపం బిడ్డకూ వస్తుంది కాబట్టి దాన్ని సరిదిద్దే జన్యువును తండ్రి తేవాలి, తేకపోతే రైతు చేలో పూత పూసి ఊరుకుంటుంది. అలాంటి తండ్రి కోసం తల నెరిసేదాకా వెతికిన మా సారు ఆ యేడే రిటైరవుతున్నారు. ఆయన ఎంచిన చివరి తండ్రి సంతానం చేలో వాననీళ్లు నిలిచి చచ్చిపోగా, మిగిలిన ఆరింటినీ కుండీల్లో పెట్టి సిటీ బస్సులో గదికి తెచ్చాను. ఇవీ కాయకపోతే జావాలో చేరడమేనని దరఖాస్తు నింపి పరుపు కింద దాచాను.

తేనెటీగలు బయటి పుప్పొడి తెస్తే పరీక్ష చెడుతుందని మొగ్గలకు నైలాను సంచులు కట్టాను. లోపల కాయ పడితే మొక్కకు సొంత పుప్పొడి ఉన్నట్టే. నా గదిలోనే ఉండే వరంగల్ తమ్ముడు చూసి, "దోమతెర మస్తు కట్టినవ్ అన్నా, వీటికి సుత మలేరియానా?" అన్నాడు.

క్షేత్రంలో పనిపడి అక్కడే ఉండిపోయి నెలన్నరకు తిరిగొస్తే, సంచులన్నీ శుభ్రంగా ఉతికి తీగ మీద ఆరేసి ఉన్నాయి. భీమవరం నుంచి వచ్చి స్థిరపడిన ఇంటావిడ, నేను పిన్నిగారనే ఆవిడ, గిన్నెతో ఎదురొచ్చింది.

"గాలాడక చస్తున్నాయి బాబూ, సంచులు విప్పి కోసేశా. ఉప్పేసి ఉడకబెట్టా, తిను."

గిన్నె అందుకున్నాను. "పిన్నిగారూ, కాయలు సంచి లోపలే ఉన్నాయా?"

"లోపలే నాయనా, ఆరింటికీనూ! విప్పకుండా ఎలా కొయ్యను?"

మెట్ల మీద కూలబడి నవ్వాను. ఉడికిన గింజ మొలవదు, నిజమే; కానీ తల్లీ తండ్రీ విత్తనాలు మా దగ్గర భద్రంగానే ఉన్నాయి, మళ్లీ కలపొచ్చు. మిగిలిన కాయల్ని ఆ దరఖాస్తు కాగితంలోనే పొట్లం కట్టి సారు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఒక కాయ ఒలిచి, గింజల్ని చాలాసేపు చూసి, ఒకటి నోట్లో వేసుకుని, కళ్లద్దాలు తుడుచుకుని, ఉప్పు కాస్త ఎక్కువైందన్నారు.

సారూ లేరు, పిన్నిగారూ లేరు. మొన్న తీగ మీద వరసగా జీన్సు ప్యాంట్లు ఆరుతున్నాయి. ఇప్పుడది హాస్టలట, అక్కడ ఒకరి కుండీ జోలికి ఇంకొకరు పోరట. పరీక్షలకైతే అది చాలా మంచిది.